లెక్క కుదరందే తాళం వేయకు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే సీజీఎల్ పరీక్ష రాసేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ పుస్తకాలు చదివావని. పుస్తకాలు మీ దగ్గర ఉన్నవే. నేను చెప్పదలచుకున్నది, పల్లెటూరి పోస్టాఫీసులో కూర్చున్నాక నాకు చదవడం ఎలా వచ్చిందనే సంగతి.

2018లో మెకానికల్ బీటెక్ పూర్తయింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. పొద్దున్నే చిక్కడపల్లి గ్రంథాలయంలో కుర్చీ కోసం పరుగు. గ్రూప్స్ కొంత, బ్యాంకు కొంత, సీజీఎల్ కొంత. రెండు కాదు, మూడు పడవల మీద కాళ్లు పెట్టాను. కరోనా రాగానే పెట్టె సర్దుకుని ఇంటికి చేరాను.

2021 మొదట్లో మా చెల్లెలి కోసం గ్రామీణ డాక్ సేవక్ దరఖాస్తు నింపుతూ, పనిలో పనిగా నాదీ పెట్టాను. దానికి పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. చెల్లికి రాలేదు, నాకు వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెకు బ్రాంచి పోస్టుమాస్టరు. నాలుగు గంటల పని, 12,000 రూపాయలు, దాని మీద డీఏ. ఆఫీసుకు చోటు మనమే చూసుకోవాలి. అద్దె గదిలో ముందు సగం పోస్టాఫీసు, వెనక సగం నా మంచం. "ఇంజినీరు అవుతాడనుకుంటే ఉత్తరాలు పంచుతున్నాడా" అన్నారు బంధువులు. పంచడం కాదు, ఆర్‌డీలు, అంటే నెలనెలా వేసే పొదుపు డబ్బులు, కట్టించుకోవడమే నా పని అని ఎంతమందికని చెప్పను!

మా బ్రాంచి లెక్కలన్నీ మండల కేంద్రంలోని సబ్ పోస్టాఫీసుకు వెళ్లేవి. అక్కడి సబ్ పోస్టుమాస్టరు గారు కూడా ఒకప్పుడు బ్రాంచిలో పనిచేసి పైకి వచ్చినవారే. చేరిన రెండో నెలలో ఒకరోజు నగదు పది రూపాయలు తగ్గింది. "పదే కదా సార్, నా జేబులోంచి వేసేస్తాను" అన్నాను ఫోనులో. "వేస్తే నగదు కుదురుతుంది, లెక్క కుదరదు. తప్పు ఎక్కడుందో దొరికేదాకా తాళం వేయకు" అన్నారు. రాత్రి ఎనిమిదింటికి దొరికింది. పాస్‌బుక్కులో 200 రాసి, మిషన్‌లో 210 కొట్టాను.

సాయంత్రాలు మాక్ టెస్టులు రాసేవాణ్ని. ఎన్ని రాసినా మార్కులు 120 దగ్గరే ఆగేవి. ఒకసారి ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు ఈ మాట చెబితే ఆయన నవ్వి, "మరి ఆ లెక్క ఏ రోజైనా సరిచూశావా?" అన్నారు. ఆయనకు సీజీఎల్ సిలబస్ ఏమిటో కూడా తెలియదు. ఆ రాత్రి పాత టెస్టు ఒకటి తీశాను. 88 రాస్తే 66 ఒప్పు, 22 తప్పు. ఒప్పుకు రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అంటే 132లోంచి 11 పోయి 121. ఆ 22 తప్పుల్లో నాకు నిజంగా తెలియనివి ఆరే. మిగతా పదహారూ తెలిసినవే. ప్రశ్న సగమే చదివినవి, గుణకారం తొందరలో చేసినవి, "కానిది ఏది" అంటే "అయినది" గుర్తించినవి. ఒక్కో తప్పు ఒప్పయితే రెండున్నర మార్కులు మారతాయి. పదహారుకు 40. తెలియని ఆరింటి కోసం నేను మూడు పుస్తకాలు కొన్నాను!

అప్పటినుంచి ప్రతి టెస్టుకూ ఒక పేజీ. ఒక్కో తప్పు పక్కన కారణం రాసేదాకా తర్వాతి టెస్టు తెరవలేదు. గంట టెస్టుకు రెండు గంటల సరిచూపు. వారానికి ఆరు టెస్టులు రాసేవాణ్ని రెండుకు దిగాను. మార్కులు కదలడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి తగ్గాయి కూడా.

2022 నుంచి పద్ధతి మారి, వ్యాసాలు రాసే డిస్క్రిప్టివ్ పేపరు తీసేశారు. రెండో దశ పరీక్ష అయిన టైర్-2లోనే కంప్యూటర్ ప్రశ్నలు, టైపింగు వచ్చి చేరాయి. 15 నిమిషాల్లో 2,000 కీలు నొక్కాలి. పెద్ద వేగమేమీ కాదు. అర్హత కోసమేలే అని వదిలేశాను. 2023 మార్చిలో లెక్కలూ ఇంగ్లిషూ బాగానే రాసి, టైపింగులో పోయాను. ఆ వారమంతా పోస్టాఫీసు తెరవడం, మూయడం తప్ప ఏమీ చేయలేదు. ఓదారుస్తారేమోనని సార్‌కు ఫోన్ చేస్తే, "ఈ తప్పు ఏ కారణం కింద రాశావు?" అని అడిగారు. కోపం వచ్చింది. తర్వాత పుస్తకంలో కొత్త గడి గీసి, "చిన్నచూపు చూసినవి" అని రాశాను. మర్నాటి నుంచి మండలంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు సైకిల్ మీద వెళ్లాను. మీలో ఎవరైనా టైపింగు చివర్లో చూసుకుందామనుకుంటుంటే, దయచేసి ఈ పేరా మళ్లీ చదవండి.

అక్టోబరులో టైర్-2 మళ్లీ రాశాను. పోస్టుల ఆప్షన్లలో స్నేహితులంతా ఆదాయపు పన్ను, కస్టమ్స్ ముందు పెట్టుకుంటే, నేను తపాలా శాఖ ఇన్‌స్పెక్టరును మొదట పెట్టాను. వాళ్లు నవ్వారు. నాకు ఆ పని తెలుసు, అదే కారణం. డిసెంబరులో ఫలితం వచ్చింది, అదే దక్కింది.

గాజియాబాద్‌లోని తపాలా అకాడమీకి శిక్షణకు వెళ్లాక సార్‌కు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. శిక్షణ సంగతి రెండు నిమిషాలు విన్నారు. "సరే గానీ, బ్రాంచి చార్జి ఎవరికి ఇచ్చావు? నగదూ స్టాంపులూ లెక్కపెట్టే ఇచ్చావా?" అన్నారు.