సన్న గింజకో కొలత

ఆదివారం. సెలవన్న మాటే గానీ, తమ్ముడు ఆరింటికే ఫోన్ చేసి లేపాడు. "అక్కా, ఇయ్యాల మన వడ్లు కాంటా పెడ్తరట. పాసుబుక్కు జిరాక్సులు నీ దగ్గర్నే ఉన్నయి, జర పట్టుకొస్తవా?" వాడి పనులన్నీ ఇంతే, చివరి నిమిషం దాకా గుర్తుకు రావు. అమ్మకు టిఫిన్ పెట్టి, షుగర్ మాత్రలు చేతికిచ్చి, హన్మకొండలో పరకాల పల్లెవెలుగు ఎక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఆధార్ కార్డులు పట్టుకున్న ఆడవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంది. ములుగు రోడ్డులో వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గర కొందరు దిగాక కిటికీ పక్కన సీటు దొరికింది.

సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ ఊరి బయట ఉంది. చోటు చాలక రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లే ఆరబోశారు. తేమ మిషన్‌లో మావాడి వడ్లు 16 చూపించాయి. 17 లోపుంటే తీసుకుంటారు కాబట్టి అక్కడిదాకా టెన్షన్ లేదు. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది.

ఏఈఓ మేడం, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, చిన్నపిల్ల. పాతికేళ్లుంటాయేమో. కుప్పలోంచి గుప్పెడు వడ్లు తీసింది. అరచేతిలో పట్టేంత పొట్టు తీసే మిషన్‌లో వేసి తిప్పింది. విరగని గింజలు ఏరి ఒక్కొక్కటి కాలిపర్స్ అనే కొలత పరికరం కొనల మధ్య పెట్టి కొలిచింది. గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 కన్నా ఎక్కువ రావాలి. అప్పుడే అవి ప్రభుత్వ లెక్కలో సన్న వడ్లు. 2025-26 ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389 రూపాయల మీద క్వింటాల్‌కు ఇంకో 500 బోనస్. మావాడివి పాసయ్యాయి.

పక్క కుప్ప పెద్దాయనవి కాలేదు. ఆయన వేసింది 1010 రకం. గింజ నాజూగ్గానే ఉంది, కానీ పొడుగు 6 దాటింది. "నోట్లో ఏసుకుంటె తెల్వదా బిడ్డా సన్నవేవో దొడ్డువేవో? దానికి మిషనెందుకు?" అని గట్టిగానే అడిగాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. 1010కి అధికారికంగా పెట్టిన పేరే కాటన్‌దొర సన్నాలు! పేర్లు పెట్టినప్పుడు ఈ బోనస్ సంగతి ఎవరికి తెలుసు? ఆ పిల్ల మాత్రం విసుక్కోకుండా కాలిపర్స్ ఆయన చేతికే ఇచ్చి, "మీరే కొలవండి తాతా" అంది. ఆయన కొలవలేదు గానీ గొంతు తగ్గించాడు.

నేను ఆఫీసులో సర్క్యులర్లు టైపు చేస్తుంటాను. ఎన్నికల సభలో "సన్నాలకు బోనస్" అనడానికి ఒక్క నిమిషం చాలు. ఆ మాట మీద ట్రెజరీ నుంచి డబ్బు కదలాలంటే, సన్నం అంటే ఏమిటో కాగితం మీద అంకెల్లో రాయాలి. లేకపోతే ప్రతి సెంటర్‌లో పెద్దాయన నోరు ఒకటి చెబుతుంది, మిల్లరు నోరు ఇంకొకటి చెబుతుంది. గెలిచేది ఎవరి నోరో అందరికీ తెలిసిందే. ఆ 6, ఆ 2.5 నిన్నమొన్న సచివాలయంలో కూర్చుని ఊహించిన అంకెలు కావు. దేశంలోని బియ్యాన్ని గింజ పొడవు, వెడల్పులను బట్టి తరగతులుగా విడగొట్టిన రామయ్య కమిటీ 1960ల నాటిది. కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ 1946లో మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆ కె. రామయ్యగారే. 1943 బెంగాల్ కరువు తర్వాత పుట్టిన సంస్థ అది. పరకాల పక్కన ఒక ఊళ్లో 500 రూపాయల దగ్గర తగువు వస్తుందని వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. గింజలు కొలిచారు, రాసిపెట్టారు, అంతే. అరవై ఏళ్లకు ఇక్కడ అక్కరకొచ్చింది.

ప్రభుత్వ డబ్బుతో చేసే పరిశోధన వల్ల ఏం ఒరుగుతుంది అని మా ఆఫీసులో ఒకాయన తరచూ అంటుంటాడు. రాకెట్లు సరే, మిగతావన్నీ దండగ అని ఆయన లెక్క. ఇవాళ ఆయన నా పక్కన ఉంటే బాగుండుననిపించింది.

కాంటాకు మా నంబర్ రావడానికి మధ్యాహ్నం అయింది. అంతసేపూ తమ్ముడూ నేనూ వేపచెట్టు కింద కూర్చున్నాం. వాడు వేసింది డబ్ల్యూజీఎల్-44, సిద్ధి. డబ్ల్యూజీఎల్ అంటే వరంగలే. పొద్దున బస్సులో నేను దాటొచ్చిన ఆ గేటు లోపలి పొలాల్లో తయారైన రకం. జేజీఎల్ అని ఉంటే జగిత్యాల, కేఎన్ఎం అంటే పెద్దపల్లి జిల్లా కూనారం, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్. మా ఊరి రైతులకు ఈ నంబర్లన్నీ నోటికొచ్చు. ఆ నంబర్ వెనక ఉన్న మనిషి పేరు ఒక్కటీ తెలియదు. నాకూ తెలియదు.

నాన్న సాగు చేసే రోజుల్లో మా పొలానికి పెద్ద బెడద ఉల్లికోడు. దోమలాంటి ఈగ గుడ్లు పెడితే, పురుగు పిలకలోకి దూరి లోపల తింటుంది. ఆ పిలక ఉల్లాకులా గొట్టమై పైకి లేస్తుంది. దానికిక కంకి రాదు. ఆలస్యంగా నాటిన మళ్లలో మరీ ఎక్కువ. మందు కొట్టినా పురుగు లోపలుంటే తగలదు. నాన్న గట్టు మీద కూర్చుని ఆ తెల్లగొట్టాలను పీకి చూసేవాడు, చూసి ఏమీ అనేవాడు కాదు. వరంగల్ స్టేషన్‌లో ఉల్లికోడును తట్టుకునే రకాల మీద ఏళ్ల తరబడి పని జరిగింది. సిద్ధి కూడా దాన్ని తట్టుకుంటుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఉల్లికోడు అన్నిచోట్లా ఒకే పురుగు కాదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా జగిత్యాలలో తిరిగే బయోటైప్, అంటే ఆ పురుగులోనే ఒక రకం, వేరు, వరంగల్‌ది వేరు. అక్కడ తట్టుకున్న రకం ఇక్కడ పడిపోవచ్చు. అందుకే ఎక్కడో ఢిల్లీలో ఒక పెద్ద ల్యాబ్ కట్టేస్తే సరిపోదు. జగిత్యాలకొక స్టేషన్, వరంగల్‌కొక స్టేషన్ ఉండాల్సిందే. పైనుంచి చూసేవాళ్లకు ఇవన్నీ ఒకే పని రెండుసార్లు చేస్తున్నట్టు కనిపిస్తాయి.

ఒక కొత్త రకం రావడానికి ఎంతకాలం పడుతుందో మావాడికి తెలుసు, వాడొకసారి కిసాన్ మేళాలో అడిగాడట. పువ్వు విచ్చకముందే పుప్పొడి తిత్తులు తీసేసి, ఇంకో రకం పుప్పొడి చల్లాలి. వచ్చిన గింజను నాటి, అందులో మంచివి ఏరి, మళ్లీ నాటి, మళ్లీ ఏరి, గుణాలు నిలకడగా వచ్చేదాకా తరం తర్వాత తరం. ఆ తర్వాత స్టేషన్‌లో పరీక్ష, వేరే జిల్లాల్లో పరీక్ష, దేశమంతటా పరీక్ష. ఆఖరికి చిరుసంచులు. అంటే కొంచెం కొంచెం విత్తనం రైతులకిచ్చి వాళ్ల పొలంలోనే చూడటం. ఇదంతా అయ్యేసరికి పదేళ్లు సులువుగా గడుస్తాయి. ఈలోపు రెండుసార్లు ఎన్నికలు. మొదట డబ్బిచ్చిన మంత్రికి చివర్లో రిబ్బన్ కత్తిరించే యోగం దాదాపు ఉండదు. నాకైతే ఇందులో ఉన్న గొప్పంతా ఇదే అనిపిస్తుంది, బడ్జెట్ కోత పెట్టాల్సి వస్తే ముందు కత్తెర పడేదీ ఇందుకే.

మరి ఇదే పని కంపెనీలు చేయొచ్చు కదా? తమ్ముడే అడిగాడు, జవాబూ వాడే చెప్పాడు. "వరి ఇత్తనం ఒక్కసారి కొంటె మల్లా మన ఇంట్లనె కట్టుకోవచ్చు గదక్కా. పక్కోనికి బస్తా ఇయ్యొచ్చు. ఇగ కంపెనోనికి ఏం మిగుల్తది?" అంతే మరి. వరి తన పుప్పొడితో తానే పండుతుంది, గింజ దాచి నాటినా గుణం మారదు. హైబ్రిడ్ అయితే ఏటా కొనాల్సిందే. పత్తి ప్యాకెట్ల కోసం మే, జూన్‌లలో షాపుల ముందు లైన్లు చూస్తూనే ఉన్నాం. కాబట్టి కంపెనీలు అటు పోయాయి. లాభం మిగలని చోట సర్కారు మిగిలింది. ప్రభుత్వం బోనస్‌కు ప్రకటించిన సన్న రకాల జాబితాలో ఎక్కువ భాగం యూనివర్సిటీ నంబర్లే ఉన్నాయంటే కారణం ఇదే.

అయితే అంతా సర్కారు స్టేషన్లదే అంటే అన్యాయం. అదే జాబితాలో హెచ్ఎంటీ సోనా కూడా ఉంది. దాన్ని తయారుచేసింది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే. పెద్దగా చదువుకోలేదు. తన పొలంలో తేడాగా కనిపించిన కంకులను ఏరి, దాచి, నాటి ఆ రకాన్ని తీశాడు. అప్పట్లో అందరూ మోజుపడే చేతి గడియారం పేరే దానికి పడింది. తర్వాత అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని శుద్ధి చేసి తమ పేరు ముందు చేర్చి విడుదల చేసింది. ఆయనకు రావాల్సిన పేరూ డబ్బూ రాలేదన్న బాధతోనే 2018లో పోయాడు. నంబర్ల వెనక మనుషులు కనబడకపోవడంలో ఇలాంటివి కూడా ఉంటాయి.

కాంటా దగ్గర మళ్లీ పాత గొడవే. తరుగు. బస్తాకు ఇంత అని ఎక్కువ తూకం పెట్టించుకోవడం. గింజను మిల్లీమీటర్లలో కొలిచిన చోటే, తరుగు దగ్గరికి వచ్చేసరికి ఏ మిషనూ లేదు, "అందరికీ అట్లనే తీస్తున్నం" అన్న మాట తప్ప. తాలు ఎంతుందో తూర్పారబట్టి చూపించమని మావాడు అడిగాడు. వెనక లైన్‌లో వాళ్లు తొందరపెట్టారు. ఊరుకున్నాడు.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఇంట్లో బియ్యం సంగతి గుర్తొచ్చింది. మా రేషన్ కార్డు మీద 2025 ఉగాది తర్వాతి నుంచి సన్నబియ్యమే వస్తున్నాయి, మనిషికి 6 కిలోలు. అంతకుముందు దొడ్డు బియ్యం వచ్చే రోజుల్లో అమ్మ చేటలో పోసి, మిగతా వాటికన్నా తెల్లగా కనిపించే గింజలు ఏరి పక్కన పెట్టేది, "ఇవి ప్లాస్టిక్‌వే" అని. వీధి వీధంతా అదే మాట. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి చేసిన గింజలు, వందకు ఒకటి చొప్పున కలిపేవాళ్లు, రక్తహీనత తగ్గాలని. నేను చెబితే నమ్మలేదు, మా కాలనీ ఆశా వర్కర్ చెబితే సగం నమ్మింది. ల్యాబ్‌లో పని సరిగ్గా జరిగినా, వంటింటి చేట దాకా ఆ విషయం మోసుకొచ్చే మనిషి లేకపోతే అది ప్లాస్టిక్ కిందే లెక్క. దానికి బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాస్తారో మరి.

అమ్మకు మాత్రం విడిగా తెలంగాణ సోనా కొంటున్నాను. ఆర్ఎన్ఆర్ 15048. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షలో దాని గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, తక్కువని తేలింది. సంచి మీద "షుగర్ ఉన్నవారికి" అని పెద్ద అక్షరాలు వేసి షాపువాళ్లు ధర పెంచుతున్నారు. షుగర్ తగ్గే బియ్యం అని చెప్పే షాపులు కూడా ఉన్నాయి. అట్లాంటిదేమీ లేదు. అమ్మ ఆ ధీమాతో రెండోసారి వడ్డించుకుంటుంటే ఆపడానికే నా పనంతా సరిపోతోంది.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. వడ్లు మిల్లుకు పోయిన లెక్క చూపే ట్రక్ షీట్ వచ్చిందట, డబ్బులు ఎప్పుడు పడతాయో చూడాలి. యాసంగికి ఏం వేయాలని అడిగాడు. సన్నాలు వేయమన్నాను. "ఎండకాలం కోతల సన్నాలు పడితె నూకే" అన్నాడు. అదీ నిజమే. గింజ గట్టిపడే వేళకు ఎండలు ముదురుతాయి, మరలో పట్టిస్తే విరుగుతుంది. క్వింటాల్ వడ్లకు 67 కిలోల బియ్యం ఇవ్వాలని లెక్క. యాసంగిలో అన్ని గింజలు నిలవవని మిల్లర్లు, వడ్లు ముందే ఉడకబెట్టి పట్టే ఉప్పుడు బియ్యం ఇస్తామంటారు, కేంద్రం వద్దంటుంది. 2021-22లో రాష్ట్రానికీ కేంద్రానికీ దీని మీదే పెద్ద లడాయి. ధర్నాలు అయ్యాక, యాసంగి వడ్లు ఎంత నూక అవుతాయో తేల్చడానికి మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ చేత టెస్ట్ మిల్లింగ్ చేయించారు. ధర్నా కన్నా అది ముందే జరిగి ఉంటే ఎన్ని రోడ్లు ఖాళీగా ఉండేవో! యాసంగి ఎండకు నూక కాని రకాల కోసం స్టేషన్లలో వెతుకుతూనే ఉన్నారు. మంగళవారం ములుగు రోడ్డులో దిగి ఏ రకం ఉందో అడుగుతానని చెప్పాను.

"అడుగు. ఉంటె అర ఎకరంల ఏస్త, మిగతాది దొడ్డువే" అన్నాడు. పోయిన యాసంగి బోనస్ డబ్బులు సమయానికి పడని ముచ్చట వాడు ఇంకా మర్చిపోలేదు.