స్కారా బ్రేలో బండల ఇళ్ళు

స్కాట్లాండ్ ఉత్తర కొసన స్క్రాబ్‌స్టర్‌లో ఓడ ఎక్కితే గంటన్నరకు ఆర్క్‌నీ దీవుల్లోని స్ట్రామ్‌నెస్‌లో దిగాం. అక్కడి నుంచి కారులో, దాదాపు ఐదు వేల ఏళ్ళ నాటి రాతి ఊరు స్కారా బ్రేకు. జూన్ నెలే అయినా గాలికి చెవులు నొప్పెట్టాయి.

ఊరు సరిగ్గా సముద్రపు ఒడ్డున ఉంది. ఇళ్ళలోకి దిగనివ్వరు. పైనున్న గడ్డి బాట మీద నడుస్తూ కిందికి తొంగి చూడాలి. మొదటి ఇంట్లోకి చూసి నేను కదల్లేకపోయాను. నట్టనడుమ పొయ్యి, దాని చుట్టూ రాతి అంచు. అటూ ఇటూ బండలు నిలువుగా పాతి కట్టిన మంచాలు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా కనిపించేలా రాతి అరలు. మా అమ్మమ్మ వంటింట్లో కడప బండలతో వేసిన అరలు అచ్చం ఇలాగే ఉండేవి. వాటి మీద ఊరగాయ జాడీలు వరసగా ఉండేవి.

ఆ పోలికకు కారణం రాయే. అక్కడి రాయి కూడా మన కడప రాయిలాగే పలకలు పలకలుగా విడుతుంది. దీవిలో పెద్ద చెట్లు తక్కువ. అందుకని చెక్కతో చేసుకోవాల్సినవన్నీ రాతితో చేసుకున్నారు. గీజా పిరమిడ్ల కంటే ముందే, క్రీ.పూ. 3180 ప్రాంతంలో మొదలైన ఊరిది. అయినా మంచాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేలలో రాతి తొట్లున్నాయి, మురుగు పోవడానికి కాలువలున్నాయి. గుమ్మం పక్క రాళ్ళలో గడియ బద్ద దూర్చే రంధ్రాలు కూడా ఉన్నాయి. ఇళ్ళ చుట్టూ పెంట మెత్తి, దాన్నే చలికి అడ్డుగా వాడుకున్నారు. ఇంటికీ ఇంటికీ మధ్య వంగి నడవాల్సిన సందులు.

ఏడో ఇంటి గోడ కింద ఇద్దరు స్త్రీల సమాధులు బయటపడ్డాయి. ఆ ఇంటి దగ్గర నా భార్య చాలాసేపు నిలబడిపోయింది.

ఇసుక కింద నిద్రపోతున్న ఈ ఊరిని 1850లో ఒక తుఫాను బయటపెట్టింది. 1920ల్లో ఇంకో తుఫాను కొంత భాగాన్ని కోసేసింది. ఆ తర్వాతే అడ్డుగోడ కట్టారు. 1928లో పురావస్తు శాస్త్రవేత్త గోర్డన్ చైల్డ్ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఇచ్చింది సముద్రమే, లాక్కునేదీ అదే. అలలు ఆ గోడను తాకుతున్న చప్పుడు వింటుంటే నాకు భయమేసింది.

పక్కనే కట్టిన నమూనా ఇంట్లోకి మాత్రం వెళ్ళొచ్చు. బాగా వంగి దూరాం. లోపల గాలి హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. మా అబ్బాయి పొయ్యి పక్కన చతికిలబడి, ఇక ఎంత పిలిచినా లేవలేదు.