నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

నావి చిన్నప్పటి నుంచి దొడ్డికాళ్లు. మా నాన్నవీ అంతే. మడమలు కలిపి నిలబడితే మోకాళ్ల మధ్య మూడు వేళ్లు దూరుతాయి. చెప్పులు ఎప్పుడూ బయటి అంచునే అరిగేవి. 46 ఏళ్లు వచ్చేదాకా దాన్ని పట్టించుకోలేదు.

నల్లగొండ జిల్లాలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజంతా నిలబడే పని. కుడి మోకాలికి లోపలివైపు, రూపాయి బిళ్లంత చోట నొప్పి మొదలైంది. మెట్లు దిగాలంటే ప్రాణం మీదికొచ్చేది. నువ్వుల నూనె మర్దనాలయ్యాయి, నొప్పి బిళ్లలయ్యాయి. మొదట వెళ్లిన ఆసుపత్రిలో పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, "గుజ్జు అరిగింది, మోకీలు మార్చాల్సిందే" అన్నారు. ఐదు నిమిషాల్లో పంపేశారు. నా కాళ్ల వంపును ఒక్కరూ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

"ఇంకొకరికి చూపించుకో చెల్లె, తొందరపడకు" అని మా అక్క పట్టుబట్టి హైదరాబాదు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరుగారు ముందు నన్ను నడిపించి చూశారు. తర్వాత తుంటి నుంచి చీలమండ దాకా కాలు మొత్తం వచ్చేలా, నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్మును లైటుకు పెట్టి, తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకు స్కేలు ఆనించి గీత గీశారు. తిన్నని కాలైతే ఆ గీత మోకాలి నడుమకు దగ్గరగా పోవాలి. నాది లోపలి అంచు పక్కగా పోయింది. ఒంటి బరువులో ఎక్కువ భాగం ఆ లోపలి సగమే మోస్తోంది. బయటి సగంలో గుజ్జు నిక్షేపంగా ఉంది. ఇన్నేళ్లు పిల్లలకు కోణాలు చెప్పాను, నా కాల్లోని 6 డిగ్రీలు ఆరోజే చూశాను. మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు లోపలికి వంగిపోయినవాళ్లు గుర్తొచ్చారు. వాళ్ల గీత బయటి సగం మీదుగా పోతుంది కాబోలు అనుకున్నాను.

వెంటనే ఆపరేషన్ అనలేదాయన. తొడ కండరాలకు వ్యాయామాలు చెప్పారు, బరువు తగ్గమన్నారు. కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద 4 కిలోల దాకా భారం తగ్గుతుందట. 5 కిలోలు తగ్గాను, తేడా బాగానే తెలిసింది. లోపలివైపు భారం తగ్గించేలా మోకాలికి కట్టుకునే బ్రేసు క్లాసులో పనికొచ్చింది కానీ ఎండాకాలం చీర కింద చెమటకు తొడ ఒరుసుకుపోయేది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఆరు వారాలు హాయి, తర్వాత మళ్లీ మామూలే. వీటిలో ఏదీ వంపును సరిచేయదని ముందే చెప్పారు.

ఏడాది చూశాక, ఎముకను కోసి వంపు సరిచేసే ఆస్టియోటమీ ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. మోకాలికి కాస్త కింద ఎముకను లోపలివైపు నుంచి కోస్తారు. బయటివైపు సెంటీమీటరు మేర కోయకుండా వదిలి, దాన్నే బందుగా చేసుకుని తలుపు తెరిచినట్టు కోతను మెల్లగా తెరుస్తారు. నాకు 9 మిల్లీమీటర్లు తెరిచి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. సగం కీలు మార్చే ఆపరేషన్ గురించి కూడా అడిగాను. "బయటి సగం బాగుంది, మోకాలు పూర్తిగా మడుస్తున్నారు, వయసుంది. సొంత కీలే ఉంచుకోండమ్మా" అన్నారు. మోకాలంతా అరిగినవాళ్లకూ, రుమటాయిడ్ వాతం ఉన్నవాళ్లకూ ఆస్టియోటమీ పనికిరాదట. పొగతాగేవాళ్లకు ఎముక అతకడం ఆలస్యమవుతుందట.

మొదటి రెండు వారాలు నరకమే. చంకకర్రలు పట్టుకుని, పాదం ఆనీ ఆనకుండా ఆరు వారాలు నడిచాను. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకే అక్క ఇంట్లో ఉన్నాను. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఇంజెక్షన్లు అక్కే వేసేది, చెయ్యి వణుకుతున్నా ఒక్కరోజూ మానలేదు. మొదటి ఎక్స్‌రేలో కోసిన చోట నల్లటి సందు. మూడో నెల ఫిల్ములో ఆ నలుపులో తెల్లగా పొగలాంటిది కమ్ముకుంది. "అదే మీ కొత్త ఎముక" అని డాక్టరుగారు చూపిస్తే కళ్లనీళ్లు ఆగలేదు. నాలుగో నెల బడికి వెళ్లాను.

ఆపరేషన్ అయి ఇప్పుడు 14 నెలలు. ఏదీ పట్టుకోకుండా మెట్లు దిగుతున్నాను. ప్లేటు ఉన్నచోట ఒత్తితే నొప్పి, మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టుకోలేను. వేసవి సెలవుల్లో ప్లేటు తీయించుకోవాలి. ఎడమ కాలికీ అదే వంపు, కానీ అక్కడ గుజ్జు ఇంకా అరగలేదు. దానికి పొద్దున ఇరవై నిమిషాలు వ్యాయామం చేస్తున్నాను, ఏడాదికోసారి నిలబెట్టి ఎక్స్‌రే తీయించమన్నారు.