ఊపిరి ఆడుతున్నట్టు అనిపించడం, నిజంగా ఆడటం

నా మంచం పక్కన ఎప్పుడూ మూడు వస్తువులు ఉంటాయి: ఎంత వేగంగా గాలి ఊదగలుగుతున్నామో కొలిచే ఒక పీక్ ఫ్లో మీటరు, స్పేసరు (మందు సరిగా పీల్చడానికి తోడ్పడే గొట్టం) తగిలించిన ఇన్‌హేలరు, ఒక నోటుపుస్తకం. ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ మధ్యలో నిలువుగీత కొట్టుకున్నాను. నిద్ర లేవగానే, ఊపిరి ఎలా ఆడుతున్నట్టు అనిపిస్తోందో పదికి ఇన్ని మార్కులని ఎడమవైపు వేసుకుంటాను. ఆ తరువాతే మీటరులోకి బలమంతా పెట్టి మూడుసార్లు ఊది, మూడింటిలో పెద్ద అంకెను కుడివైపు రాస్తాను. ఈ వరస తప్పనివ్వను, ఎందుకంటే అంకెను ముందుగా చూస్తే మనసు దానికి తగినట్టుగా మార్కులు వేస్తుంది. తొమ్మిదో ఏటి నుంచి ఉబ్బసంతో ఉన్న నాకు ఈ అలవాటు ముప్పై ఏడో ఏట గాని అబ్బలేదు. మందులతో పాటు శ్వాస సాధన, మనసును కుదుటపరచుకోవడం వంటి మార్గాలను వెతుకుతున్నవారికి ఈ రెండు వరసల సంగతి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ఆ ఏడాది నేను ఒక శ్వాస శిక్షణ శిబిరంలో చేరాను. అక్కడ నేర్పినది మంచి విద్యే. ముక్కుతో, నెమ్మదిగా, పొట్ట కదిలేలా గాలి తీసుకోవడం, తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు వదలడం, భుజాలను సడలించి కూర్చోవడం నేర్పారు. రెండు వారాలకే నా రాత్రులు తేలికపడ్డాయి, మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగడం తగ్గింది. ఒకరోజు శిక్షకుడు "ఇక మీకు ఆ మందులతో పనిలేదు" అన్నప్పుడు నేను వెంటనే నమ్మాను. ఆ మాట ఎవరైనా అంటే నమ్ముదామని ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తూ ఉన్నాను మరి. రోజుకు రెండుసార్లు పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలరును మానేసి, మీటరును కూడా సొరుగులో పెట్టేశాను. పంతొమ్మిది రోజులు హాయిగా గడిచాయి. ఇరవయ్యో రోజు సాయంత్రం ఛాతీ కొద్దిగా బరువుగా ఉందని అక్కతో అన్నాను. ఆమె ఏమీ మాట్లాడకుండా సొరుగులోంచి మీటరు తీసి నా చేతిలో పెట్టింది. బాగున్న రోజుల్లో నేను 430 దాకా ఊదగలను. ఆ సాయంత్రం ముల్లు 210 దగ్గర ఆగింది. నేను "కొద్దిగా బరువు" అని చెప్పుకుంటున్నది సగానికన్నా తక్కువకు పడిపోయిన ఊపిరి. ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఆక్సిజన్‌తో, నెబ్యులైజరుతో, స్టెరాయిడ్ మాత్రలతో గడిచింది.

కోలుకున్నాక చాలాకాలం నన్ను వేధించిన ప్రశ్న ఒకటే. ఆ సాధన వల్ల నాకు కలిగిన మేలు అబద్ధమా? అబద్ధం కాదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను, కానీ ఆ మేలు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ఉబ్బసంలో లోపల ఏమవుతుందో కొంత తెలియాలి. శ్వాసనాళాల లోపలి గోడలు వాస్తాయి, వాటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, జిగట కఫం దారికి అడ్డుపడుతుంది. సాల్బుటమాల్ వంటి ఉపశమన మందు కండరాన్ని కొన్ని నిమిషాల్లో సడలిస్తుంది, వాపు మీద మాత్రం దానికి అధికారం లేదు. వాపును తగ్గించేది స్టెరాయిడ్ ఇన్‌హేలరు, అదీ రోజులు, వారాలు తీసుకొని. మానేస్తే వాపు అంతే నిదానంగా, చప్పుడు లేకుండా తిరిగి వస్తుంది. వాపు సంగతి ఎంత ముఖ్యమంటే, పెద్దవారికీ కౌమారంలో ఉన్నవారికీ సాల్బుటమాల్ ఒక్కదానితోనే చికిత్స చేయవద్దని 2019 నుంచి 'గినా' అనే అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ చెబుతోంది. శ్వాస సాధన ఈ వాపును ముట్టుకోదు. బ్రిటన్‌లో 655 మంది ఉబ్బస రోగులతో జరిపి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఫిజియోథెరపిస్టు దగ్గరగాని వీడియో చూసిగాని శ్వాస పద్ధతిని మార్చుకున్నవారి జీవన నాణ్యత ఏడాది తరువాత కూడా మిగిలినవారికన్నా మెరుగ్గా ఉంది. వారి ఊపిరితిత్తుల సామర్థ్యంలోనూ, శ్వాసనాళాల వాపులోనూ మాత్రం తేడా కనిపించలేదు. నా రెండు వారాల హాయి, నా ఇరవయ్యో రోజు ఆపద, రెండూ ఈ ఒక్క ఫలితంలోనే ఉన్నాయి.

ఇంతకన్నా స్పష్టంగా ఈ విషయాన్ని చూపించినది 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం. అది చిన్నదే, 39 మందితో పూర్తయినది. ఒకే మనిషికి వేర్వేరు రోజుల్లో నిజమైన సాల్బుటమాల్, మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలరు, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) ఇచ్చారు, ఒకరోజు ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టారు. ఎంత మెరుగనిపించిందని అడిగితే నిజమైన మందుకు 50 శాతం, ఉత్తుత్తి ఇన్‌హేలరుకు 45 శాతం, ఉత్తుత్తి సూదులకు 46 శాతం అన్నారు. అంటే మూడూ దాదాపు సమానమే. ఏమీ ఇవ్వని రోజున 21 శాతం. ఆ తరువాత, ఒక సెకనులో ఎంత గాలిని బయటికి ఊదగలుగుతున్నారో కొలిచారు. నిజమైన మందుతో 20 శాతం పెరిగింది, మిగిలిన మూడు సందర్భాల్లోనూ 7 శాతం మాత్రమే. రోగులు అబద్ధం చెప్పలేదు. ఎవరో తమ పక్కన కూర్చుని, తమ కోసం ఏదో చేస్తున్నారన్న నమ్మకం వారి ఆయాసాన్ని నిజంగానే తగ్గించింది. ఆయాసం అనేది మెదడు అనుభవించేది, శ్వాసనాళపు వెడల్పు మీటరు కొలిచేది, ఈ రెండింటి మధ్య ఉన్న బంధం మనం అనుకున్నంత బిగువైనది కాదు. ఈ అధ్యయనం గురించి చదివిన రోజునే నా పుస్తకంలో నిలువుగీత గీశాను.

అయితే మనసుకు శ్వాసనాళంతో సంబంధమే లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1968లో అమెరికాలో 40 మంది ఉబ్బస రోగుల చేత వట్టి ఉప్పునీటి తుంపరను పీల్పించి, అది వారికి పడని పదార్థమని చెప్పారు. వారిలో 19 మందికి శ్వాసనాళాలు కొలతకు అందేంతగా బిగుసుకున్నాయి, 12 మందికి పూర్తిస్థాయి ఉబ్బసమే వచ్చింది. తరువాత అదే ఉప్పునీటిని మందని చెప్పి ఇస్తే తగ్గింది. మెదడు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే వేగస్ నాడి శ్వాసనాళపు కండరాన్ని బిగించగలదు కనుక, భయం కండరాన్ని బిగించడమూ, ఊరట దానిని సడలించడమూ సాధ్యమే. వాపు ఆ నాడి మాట అంత తేలికగా వినదు.

నా జీవితంలో దీనిని ఎక్కువగా చూసింది నాన్న పోయిన ఏడాది. ఉబ్బసం ఉన్న పిల్లలు నవ్వునూ, ఏడుపునూ కూడా కొలత వేసి వాడుకోవడం చిన్నప్పుడే నేర్చుకుంటారు. వెక్కి వెక్కి ఏడిస్తే నోటితో, వేగంగా, పొడిగా గాలి లోపలికి పోతుంది, దానితో పిల్లికూతలు మొదలవుతాయి. అందుకే నాన్న పోయిన రోజున చుట్టూ అందరూ ఏడుస్తుంటే నేను గోడకు ఆనుకొని, పెదవులు బిగించి, ముక్కుతో తీసే ఊపిరిని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. నేను గుండె దిటవు గల మనిషినని అనుకున్నారు. ఆ తరువాత కొన్ని నెలల పాటు వారానికి రెండుసార్లయినా అర్ధరాత్రి లేచి ఇన్‌హేలరు వెతుక్కున్నాను. తీవ్రమైన దుఃఖాలు, కుటుంబంలో పెద్ద కుదుపులు పిల్లల్లో కొత్తగా ఉబ్బసపు దాడులు వచ్చే అవకాశాన్ని పెంచుతాయని 2000లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. పెద్దవారిలో అది ఎలా ఉంటుందో నాకు నా నోటుపుస్తకాలు చెబుతాయి.

ఇక్కడ ఒక పాత గాయం గురించి చెప్పక తప్పదు. 20వ శతాబ్దం మధ్యలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ వంటి మనోవిశ్లేషకులు ఉబ్బసాన్ని తల్లి కోసం అణచుకున్న ఏడుపుగా వివరించారు. ఆ ఆలోచన ఎంతోమంది తల్లులను దోషులుగా నిలబెట్టింది, అమెరికాలో కొందరు పిల్లలను ఇంటికి దూరంగా వసతి కేంద్రాలలో ఉంచడం దాకా వెళ్లింది. కొందరు పిల్లలు అక్కడ మెరుగుపడ్డారు కూడా, కానీ వారు దూరమైనది తల్లిదండ్రులకు మాత్రమే కాదు, ఇంట్లోని దుమ్ముకూ, పొగకూ, పెంపుడు జంతువులకూ కూడా. ఉబ్బసం మనసువల్లే వచ్చిందని ఒక రోగితో అనడం ఆ మనిషి మీద ఇంకొక బరువు మోపడమే. దుఃఖం దాడిని రేపవచ్చు, జబ్బును పుట్టించింది మాత్రం రోగి స్వభావమో, తల్లి పెంపకమో కాదు.

దుఃఖానికి నేను వెతుక్కున్న దారి రాయడం. 1999లో జరిగిన ఒక అధ్యయనంలో, జీవితంలో తమను ఎక్కువగా కలచివేసిన సంఘటన గురించి మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు రాసిన ఉబ్బస రోగుల ఊపిరితిత్తుల సామర్థ్యం నాలుగు నెలల తరువాత కూడా మెరుగ్గా ఉంది. తరువాతి పరిశోధనలన్నీ ఆ ఫలితాన్ని సమర్థించలేదు కాబట్టి దీనిని నేను చికిత్స అనను. కానీ నాన్న గురించి రాసిన ఆ మూడు సాయంత్రాలలో నేను తొలిసారిగా, కొలత వేసుకోకుండా ఏడ్చాను. పిల్లికూతలు వచ్చాయి. ఇన్‌హేలరు పీల్చి, కాసేపు ఆగి మళ్లీ రాశాను. మందు పక్కన ఉంటే ఏడవడానికి కూడా ధైర్యం వస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

దాడి వచ్చినప్పుడు శ్వాస సాధన ఎలా తోడ్పడుతుందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది దీనిని తలకిందులుగా చేస్తారు. ఊపిరి అందడం లేదనిపించగానే ఎవరైనా ఇంకా ఇంకా లోపలికి పీల్చాలని చూస్తారు. నిజానికి ఉబ్బసంలో మొదట దెబ్బతినేది బయటికి వదలడం. ఇరుకైన నాళాల వెనుక పాత గాలి చిక్కుకుపోయి ఛాతీ అప్పటికే నిండుగా ఉబ్బి ఉంటుంది, నిండిన కుండలో నీళ్లు పోసినట్టు, కొత్త గాలికి చోటుండదు. అందుకని ముందుగా ఉపశమన ఇన్‌హేలరును డాక్టరు చెప్పిన మోతాదులో, స్పేసరుతో పీలుస్తాను. అది పనిచేయడం మొదలయ్యే ఆ కొద్ది నిమిషాలలోనే శ్వాస సాధనకు చోటు. బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుంటాను. ముక్కుతో కొద్దిగా తీసుకొని, దీపాన్ని ఆర్పకుండా మంటను మాత్రం కదిలించేంత మెల్లగా, పెదవులు సున్నాలా చుట్టి ఊదుతాను. తీసుకోవడానికి రెండు అంకెలు, వదలడానికి నాలుగు. లోపలికి తీసుకోవడం గురించి ఆలోచించను, అది దానంతట అదే జరుగుతుంది. అక్క ఎదురుగా కూర్చుని తాను కూడా అలాగే ఊదుతుంది, "కంగారుపడకు" అని మాత్రం ఎప్పుడూ అనదు. ఆ మాట వినగానే కంగారు పెరుగుతుందని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇదంతా ఆపద వేళ నేర్చుకుంటే వచ్చేది కాదు, బాగున్న రోజుల్లో పది నిమిషాల చొప్పున సాధన చేస్తేనే ఒంటికి పడుతుంది.

ప్రకృతి సిద్ధమైన మందుల గురించి అడిగేవారికి నేను మొదట చెప్పేది ఉమ్మెత్త సంగతి. 19వ శతాబ్దంలో యూరప్‌లో ఉబ్బసానికి ఉమ్మెత్త ఆకుల చుట్టలు అమ్మేవారు. అందులోని అట్రోపిన్ నిజంగానే శ్వాసనాళాలను వెడల్పు చేస్తుంది, మోతాదు మించితే మతి తప్పిస్తుంది, ప్రాణమూ తీయగలదు. నేడు ఉబ్బసంలో పీల్చడానికి ఇచ్చే ఇప్రట్రోపియం అనే మందు ఆ అట్రోపిన్‌ను మార్చి చేసినదే. స్వయంగా ఉబ్బస రోగి అయిన వైద్యుడు రోజర్ ఆల్టూన్యన్, ఖెల్లా అనే మొక్క నుంచి వచ్చిన పదార్థాలకు దగ్గరి రసాయనాలను తన మీదే పరీక్షించుకొని సోడియం క్రోమోగ్లైకేట్ అనే ఉబ్బస మందును కనిపెట్టాడు. మొక్కల్లో మందు ఉందనడంలో సందేహం లేదు, అందుకే వాటికి మందుకు ఇచ్చినంత జాగ్రత్త ఇవ్వాలి. ఆరోగ్యానికి మంచిదని తినే, తేనెటీగలు తయారుచేసే రాయల్ జెల్లీ కొందరు ఉబ్బస రోగులలో ప్రాణాంతకమైన ప్రతిచర్య కలిగించింది. సుగంధ తైలాల ఘాటు, వేడి ఆవిరి కొందరిలో దాడిని రేపుతాయి. నాకు నిజంగా ఉపయోగపడినవి ఇంతకన్నా సాదావి: పక్క దుప్పట్లను వారానికోసారి 60 డిగ్రీల నీటిలో ఉతకడం, గదిలో తేమ పేరుకోకుండా చూడడం, పొగ దగ్గరికి పోకపోవడం, డాక్టరు సలహాతో రోజూ నడవడం.

స్టెరాయిడ్ ఇన్‌హేలరును మళ్లీ మొదలుపెట్టాను, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలిస్తాను. కొన్ని నెలలు అదుపులో ఉన్నాక, అంకెలు చూసి, డాక్టరే మోతాదు తగ్గించారు. శ్వాస సాధననూ మానలేదు.

మా తలుపు వెనుక ఒక కాగితం అంటించి ఉంది. ఒక వాక్యం ఆపకుండా చెప్పలేకపోతే, పెదవులు నీలిరంగుకు తిరిగితే, మీటరు 215 దాటకపోతే, ఉపశమన ఇన్‌హేలరుతో తగ్గకపోతే, ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలని దాని మీద నేను రాసుకున్నాను. అయిదో మాట అక్క చేతిరాతలో ఉంది: ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు మాత్రం ఆగిపోతే. గాలి కదలడమే మానేస్తే కూత కూడా వినిపించదని ఆ రాత్రి ఆసుపత్రిలో డాక్టరు ఆమెకు చెప్పారట. "కూత ఆగింది కదా, తగ్గిందనుకొని నీ పక్కనే సంతోషంగా కూర్చుంటానేమోనని నా భయం" అంటూ ఆ మాట కింద ఆమె రెండు గీతలు గీసింది.