నడిచా? ఐదు వేల కిలోమీటర్లా?

"సావనీర్‌కి రెండు పేజీలు రాసివ్వరా" అని మన మెడికల్ బ్యాచ్ సావనీర్ కమిటీ నుంచి మొదటి ఫోను వచ్చి రెండు నెలలైంది. చేసింది మన బ్యాచ్‌మేట్, 413 అని పిలుచుకునేవాడు. సరే అన్నాను, మరిచిపోయాను. రెండోసారి చేస్తే డ్యూటీలో ఉన్నానన్నాను. మూడోసారి వాడు హలో కూడా అనకుండా మన వాఖ్తా బాబూష్క (హాస్టల్ గేటు కాసే ముసలమ్మ) గొంతుతో "ప్రోపుస్క్!" (పాసు చూపించు!) అని అరిచాడు. రాత్రి పదకొండు దాటాక ఆ గొంతు వింటే ఇప్పటికీ జేబులు తడుముకుంటాను. అందుకే రాస్తున్నాను.

రష్యాలో మెడిసిన్ చదివిన ఆరేళ్ళ గురించీ రాయమన్నాడు. అది నా వల్ల కాదు. అనాటమీ మ్యూజియం, హిస్టాలజీ అత్రబోత్కాలు (ఎగ్గొట్టిన క్లాసులు మళ్ళీ చేయడం), కిచెన్‌లో పప్పు మాడిన రాత్రి, హాస్టల్ వార్డెన్ కామెందాంత్‌తో రైస్ కుక్కర్ల యుద్ధం, ఇవన్నీ మీలో పదిమంది ఎలాగూ రాస్తారు. రెండో కోర్సు నుంచి ఐదో కోర్సు దాకా నేనేం చేశానో నిజంగానే గుర్తులేదు. మార్కుల పుస్తకం జచోత్కా తీసి చూస్తే చదివినట్టే ఉంది. కాబట్టి నేను మనకి రష్యన్ నేర్పిన పదేజ్ మేడమ్ గురించి రాస్తాను. ఇంకొకరెవరైనా రాసుంటే కమిటీ వాళ్ళు వాళ్ళది తీసేసి నాది వేయాలి.

2002లో మనం త్వేర్ ఊళ్ళో దిగిన మొదటి నెల. రష్యన్‌లో ఆరు పదేజ్‌లు, అంటే విభక్తులు, ఉంటాయని బోర్డు మీద రాసి, భయపడతామేమోనని ఆవిడ మన వంక చూసింది. మౌనిబాబా లేచి నిలబడి "మాకు ఎనిమిది" అన్నాడు. ఆరేళ్ళలో వాడు క్లాసులో నోరు విప్పింది అదొక్కసారే. మేడమ్ అక్కడికక్కడే వేళ్ళ మీద లెక్క పెట్టించింది. ప్రథమ నుంచి సంబోధన దాకా వాడు డు-ము-వు-లు చదువుతుంటే చాక్‌పీసు పట్టుకుని నోటు చేసుకుంది. అంతా అయ్యాక, "అయితే విభక్తుల్లో మీకు నా సాయం అక్కర్లేదు. వెళ్ళడానికి మీ భాషలో ఎన్ని మాటలు?" అని అడిగింది.

"ఒకటే" అన్నాం అందరం, గర్వంగా.

ఆవిడ నవ్విన నవ్వు గుర్తుందా? మర్నాటి నుంచి మొదలైంది నాటకం. ఆవిడ తలుపు తీసుకుని బయటికి పోయేది. లోపల్నుంచి మనం "ఉష్లా!" అని అరవాలి. తిరిగి వస్తే "ప్రిష్లా!" గుమ్మం దాకా వచ్చి ఆగితే "దష్లా!" గది ఈ మూల నుంచి ఆ మూలకి దాటితే "పెరెష్లా!" తర్వాత కుర్చీలో కూర్చుని, లేని స్టీరింగు తిప్పుతూ, కుర్చీతో సహా జరుగుతూ వచ్చేది. అప్పుడు "ప్రిష్లా" అన్నవాడి పని అయిపోయేది. బండెక్కి వచ్చిన మనిషిని నడిపిస్తావా అని కళ్ళజోడు పైనుంచి చూసేది. యాభై దాటిన మనిషి, ఆ కుర్చీ కాళ్ళ కింద చెక్క నేల కిర్రుమని గీసుకుపోయేది. ఆ గీతలు ఆరో కోర్సు దాకా అలాగే ఉన్నాయి. నేను వెళ్ళి చూశాను.

రైలు మాత్రం బండి అయినా "ఇద్యోత్" అనాలి, అంటే నడుస్తుందనే అనాలి, అందులో కూర్చున్న వాడిని మాత్రం "యేదెత్" అనాలి అన్నప్పుడు బావ చేతులెత్తేశాడు. నేను మాత్రం మా ఊళ్ళోనూ రైళ్ళు నడుస్తాయి మేడమ్, మనుషులే ఎక్కి వెళ్తారు అన్నాను. "ఖరషో!" అంది, బాగుంది అని. ఆవిడ నోటి నుంచి నాకు దక్కిన ఖరషోలు మొత్తం మూడు. అది మొదటిది.

వోల్గా ఒడ్డున నికీతిన్ విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళిన ఆదివారం కూడా మీకు గుర్తుండాలి. మనం అక్కడ ఫొటోలు దిగి ఇంటికి పంపుకున్నాం, అంతే. ఆవిడ చలిలో నిలబెట్టి చెప్పిన కథ ఎవరూ వినలేదు. ఇదే ఊరి వర్తకుడు పదిహేనో శతాబ్దంలో పడవెక్కి వోల్గా దిగువకి బయల్దేరాడు, ఆస్ట్రఖాన్ దగ్గర దోపిడీ అయిపోయాడు, అయినా వెనక్కి తిరక్కుండా ఒక గుర్రాన్ని వెంటపెట్టుకుని సముద్రం దాటి మన బీదర్ దాకా వచ్చాడు. ఇన్నేళ్ళు తిరిగి, రాసుకున్నదంతా సంచిలో పెట్టుకుని ఇంటికి వస్తూ వస్తూ స్మొలెన్స్క్ చేరకముందే చనిపోయాడు. "కాబట్టి నికీతిన్ పయేఖల్, అంటే బయల్దేరి వెళ్ళాడు. స్యెజ్దిల్ అనకండి. స్యెజ్దిల్ అనాలంటే తిరిగి రావాలి" అంది మేడమ్. మనకి కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. ఎవరో "మేడమ్, అవ్‌తోబుస్ ఇద్యోత్!" అని అరిస్తే అందరం పరిగెత్తాం. అది నువ్వే, కెమెరా.

ఐదో కోర్సులో ఏమీ గుర్తులేదన్నాను గానీ ఒక ఉదయం గుర్తుంది. కార్డియాలజీ వార్డులో ఒక పెద్దాయన్ని హిస్టరీ అడుగుతున్నాను. "కగ్దా వి ప్రిష్లి?" (ఎప్పుడు వచ్చారు?) అన్నాను. ఆయన ఆయాసంలోనే నవ్వాడు. "నేను నడిచి రాలేదు బాబూ. నాలుగో అంతస్తు నుంచి ఇద్దరు మోశారు, తర్వాత బండిలో తెచ్చారు" అన్నాడు. ఈ సంగతి బావ ఆ సాయంత్రమే మేడమ్‌కి చేరవేశాడు. (బావా, నీ వల్ల జరిగిన మేలు ఇదొక్కటే.) కారిడార్‌లో నన్ను ఆపి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నోటుబుక్కు అడిగి తీసుకుని మూడు మాటలు రాసిచ్చింది. ప్రిషోల్, ప్రివెజ్లి, ప్రినెస్లి. నడిచి వచ్చాడు, బండిలో తెచ్చారు, మోసుకొచ్చారు. "ముందు ఇది అడుగు. స్టెతస్కోపు తర్వాత" అంది.

ఇక బైకాల్ సరస్సు. 2008 ఫిబ్రవరి కనీకులీ, అంటే సెలవులు. మీరంతా విదేశాల్లో చదివినవాళ్ళు ఇండియాలో ప్రాక్టీసుకి రాయాల్సిన స్క్రీనింగ్ టెస్ట్ గైడ్లు ముందేసుకుని కూర్చున్నారు. మనం విమానం ఎక్కిన సంవత్సరమే కదా ఆ పరీక్ష పెట్టింది, ఆరేళ్ళూ అది మన నెత్తిమీదే ఉంది. నాక్కూడా టెన్షన్ లేదని కాదు. కానీ జూన్‌లో గాస్ (ఫైనల్) ఎగ్జామ్స్, ఆ తర్వాత డిప్లొమా, ఆ తర్వాత టికెట్టు. ఇంక మళ్ళీ ఈ దేశం ఎవరు చూస్తారు? పైగా మేడమ్ ఊరుకోదు. "మాస్కో, పీటర్ (సెయింట్ పీటర్స్‌బర్గ్) చూసి రష్యా చూశామంటారు. యూరల్స్ దాటని వాడికి క్రియాపదాలెలా వస్తాయి?" అని దెప్పేది. (పీటర్ తెల్లరాత్రుల గురించి నేనేమీ రాయను. రాత్రి ఓడల కోసం వంతెన లేచాక ఎవరు ఏ ఒడ్డున, ఎవరితో మిగిలిపోయారో నాకు బాగా గుర్తుంది, అంతే.)

నేను, బావ, మౌనిబాబా, కెమెరా. ఎలెక్త్రిచ్కా లోకల్ రైల్లో మాస్కో లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్, పక్కనే యరస్లావ్‌స్కీ, అక్కణ్ణుంచి ప్లత్స్‌కార్త్, అంటే స్లీపర్ బోగీ. సరస్సు దగ్గరి ఊరు ఇర్కుత్స్క్‌కి 5,185 కిలోమీటర్లు, మూడున్నర రోజులు. నాకు బకవోయ్ (సైడు) పై బెర్తు. మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే తలకి కిటికీ చల్లగా, కాళ్ళకి దారిన పోయే ప్రతివాడి భుజమూ తగిలేది. బయట మైనస్ ముప్పై, లోపల బనియన్లు. స్టేషన్ వస్తే బోగీ అటెండెంట్ ప్రొవద్నీత్సా ఇనుప గడ పట్టుకుని దిగి బోగీ కింద పేరుకున్న ఐసు పొడిచి రాలగొట్టేది. మళ్ళీ ఎక్కి, బొగ్గు వేసి, చేతులు కడుక్కుని, అదే మొహంతో మనకి టీ గ్లాసు ఇచ్చేది.

అప్పట్లో టైమ్‌టేబుల్లో, స్టేషన్ గడియారాల్లో అంతటా మాస్కో టైమే. మూడో రోజుకి బయట చీకటి పడితే గడియారం మధ్యాహ్నం అంటోంది. బావ గడియారం ప్రకారం తిన్నాడు, సూర్యుడి ప్రకారం కూడా తిన్నాడు. 1777వ కిలోమీటరు దగ్గర యూరప్-ఆసియా సరిహద్దు స్తంభం వస్తుందని కెమెరా గంట ముందు నుంచీ కిటికీకి అతుక్కున్నాడు. సరిగ్గా ఆ నిమిషం లెన్సు తుడుచుకుంటున్నాడు. వాడి ఆల్బంలో ఉన్నది ఆ స్తంభం కాదు, ఆ తర్వాత వచ్చిన కరెంటు స్తంభం. పదహారేళ్ళుగా దాచాను, ఇప్పుడు చెప్పేస్తున్నాను.

రెండో రోజు కింది బెర్తు బాబూష్క మమ్మల్ని ఏం చదువుతున్నారని అడిగింది. ఆరో కోర్సు, డాక్టర్లం కాబోతున్నాం అన్నాం. నా బ్యాగులో బీపీ మెషీను ఉందని బావ నోరుజారాడు. అంతే. యాభై నాలుగు బెర్తుల్లో సగం మంది వరసగా వచ్చి చేతులు చాపారు. మౌనిబాబా కాగితం మీద బెర్తు నంబరు, బీపీ రాశాడు. చివర్లో ప్రొవద్నీత్సా వచ్చి చెయ్యి చాపింది. 180/110. ఇంకోసారి చూశాను. అంతే ఉంది. ఆ ఇనుప గడ గుర్తొచ్చింది. మాత్రలు వేసుకుంటున్నారా అంటే ఇంటికెళ్ళాక వేసుకుంటానంది. ఇంటికెప్పుడు వెళ్తారు అంటే భుజాలెగరేసింది. దిగేటప్పుడు మా నలుగురికీ ఒక పొట్లంలో బరాబిన్స్క్‌లో కొన్న పొగబెట్టిన చేప పెట్టి ఇచ్చింది. మౌనిబాబా శాకాహారి. తీసుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు, నాకిచ్చాడు.

ఇర్కుత్స్క్ స్టేషన్లో పోలీసు ఆపాడు. 2007 జనవరిలో వచ్చిన కొత్త చట్టం, కొత్త ఊళ్ళో మూడు పనిరోజుల్లో రిజిస్ట్రేషన్. ఎప్పుడు దిగామో చూపించే రైలు టికెట్లు పారేయకుండా దాచిన వాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజు నలుగురికీ తలా ఒక టికెట్టు నా జేబులోంచే వచ్చింది. ఇది కూడా సావనీర్‌లో నమోదు కావాలి.

సరస్సు ఒడ్డున లిస్త్‌వ్యాంకలో మర్ష్రూత్కా వ్యాను దిగాం. అంగారా నది సరస్సులోంచి బయటికొచ్చే చోట గడ్డకట్టదు. అంత చలిలో నీళ్ళు పొగలు కక్కుతూ పారుతుంటే బాతులు ఈదుతున్నాయి. దానికి కాస్త ఇవతల సరస్సంతా ఐసు. పైన మంచు గాలికి కొట్టుకుపోయిన చోట మోకాళ్ళ మీద కూర్చుని గ్లవ్‌తో తుడిచాను. కింద నలుపు. అందులో తెల్లటి పగుళ్ళు పరదాల్లాగా నిలువుగా దిగిపోతున్నాయి, వాటి మధ్య చిల్లర నాణేలు పేర్చినట్టు గాలి బుడగలు. ఎక్కడో 1,642 మీటర్ల లోతుందని రైల్లో చదివినవాణ్ణి, వేలు తీయడానికి కూడా ధైర్యం చాలలేదు. అప్పుడే ఢాం అని తుపాకీ పేలినట్టు చప్పుడు, మా కాళ్ళ కిందనుంచి అవతలి ఒడ్డు దాకా పరిగెత్తింది. నలుగురం బొక్కబోర్లా పడుకున్నాం. పది గజాల దూరంలో కన్నం పెట్టుకుని గాలం వేసిన ముసలాయన తల కూడా తిప్పలేదు.

ఆ సాయంత్రం ఇర్కుత్స్క్ పోస్టాఫీసులో కార్డు కొని, వేళ్ళు వంగకపోయినా మేడమ్‌కి నాలుగు వాక్యాలు రాశాను. చాలా బాగా రాశాననుకున్నాను.

మేం తిరిగి వచ్చిన పది రోజులకి కార్డు త్వేర్ చేరింది. మేడమ్ కాఫెద్రాకి (డిపార్ట్‌మెంటుకి) పిలిచి నా కార్డు నాకే ఇచ్చింది. ఎర్ర సిరా. మొదటి వాక్యం "మి ప్రిష్లి వ్ ఇర్కుత్స్క్." దాని పక్కన అంచులో, "నడిచా? ఐదు వేల కిలోమీటర్లా?" కింద మార్కు, ఐదుకి మూడు మైనస్. దానికింద, "మళ్ళీ రాసి తీసుకురా." ఐసు పగిలిన వాక్యం పక్కన మాత్రం చిన్న అక్షరాలతో ఖరషో. రెండోది.

మళ్ళీ రాయలేదు. గాస్ ఎగ్జామ్స్ వచ్చిపడ్డాయి, డిప్లొమా వచ్చింది, సూట్‌కేసు ఇరవై కిలోలకి కుదించాలి. జూన్ ఆఖరులో ఆవిడ స్టేషన్‌కి వచ్చింది. "నూ ష్తో, ఉయెజ్జాయెష్?" అంది, ఏంటి వెళ్ళిపోతున్నావా అని. నేను ఆ మాట అనలేకపోయాను. మా ఇళ్ళలో గుమ్మం దగ్గర వెళ్తాను అనకూడదు మేడమ్, వెళ్ళొస్తాను అనాలి అన్నాను. మళ్ళీ చెప్పమంది. హ్యాండ్‌బ్యాగులోంచి పుస్తకం తీసి రష్యన్ అక్షరాల్లో రాసుకుంది. మధ్యలో గీత గీసి, ఇది వెళ్ళడం, ఇది రావడం, అవునా అంది. "నడిచా, బండి మీదా?" అంది. ఎలాగైనా సరే అన్నాను. కాసేపు ఆ మాట వంక చూసి, "మొదటి రోజే ఒకటే మాట అని అబద్ధం చెప్పారన్నమాట" అంది. ఆ తర్వాత మూడో ఖరషో. ఎలెక్త్రిచ్కా తలుపు మూసుకుంది.

స్క్రీనింగ్ నాకు రెండోసారికి అయింది, మీకు తెలుసు. పీజీ అయింది. ఇప్పుడు ఒక జిల్లా ఆసుపత్రిలో క్యాజువాలిటీ నా చేతిలో ఉంది. రాత్రి ఏ హౌస్‌సర్జన్ కేసు చెప్పడానికి ఫోన్ చేసినా ముందు నడిచొచ్చాడా, బండిలో తెచ్చారా, మోసుకొచ్చారా అని అడుగుతాను. కొత్తలో విసుక్కుంటారు. రెండు నెలలయ్యాక నేను అడక్కముందే వాళ్ళే చెప్తారు. వాళ్ళలో వాళ్ళు నాకు "నడిచా సార్" అని పేరు పెట్టుకున్నారని మొన్న తెలిసింది. ఏమీ అనలేదు.

413 మూడో ఫోను తర్వాత పెట్టె వెతికితే కార్డు దొరికింది. ఎర్ర సిరా ఇంకా ఎర్రగానే ఉంది. నిన్న రాత్రి డ్యూటీ రూములో కూర్చుని నాలుగు వాక్యాలూ మళ్ళీ రాశాను. ప్రిష్లి కొట్టేసి ప్రియేఖలి, బండి మీద వచ్చాం అని. చివర్లో ఒక వాక్యం అదనంగా చేర్చాను, స్యెజ్దిల్ అని రాయడానికి నేనింకా త్వేర్‌కి తిరిగి రాలేదని. అందులో తప్పుందేమో తెలియదు. మేడమ్ ఇప్పటి అడ్రసు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. బావా, నీ దగ్గర ఉంటుంది.