కడుపుతో ఉన్నప్పుడు నడుముకు కరెంటు: నా అనుభవం

మా నల్లగొండ వైపు నడుం నొప్పి అంటే చాలు, "కరెంటు పెట్టించుకో" అంటారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మోకాళ్లు పట్టేసిన పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉన్నారు. మా అత్తమ్మది మర్రిగూడ వైపు, ఆమెకు ఫిజియోథెరపీ సెంటర్ అలవాటే. స్కూల్లో రోజంతా నిలబడి పాఠాలు చెప్పే నేను కూడా నడుం పట్టేస్తే అక్కడికే వెళ్లేదాన్ని. పడుకోమన్నారు, ప్యాడ్లు పెట్టారు, డబ్బులు తీసుకున్నారు. నెల తప్పిందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. టెస్ట్‌లో రెండు గీతలు కనిపించే నాటికి నాకింకా ఆ ట్రీట్‌మెంట్ నడుస్తూనే ఉంది.

సంతోషం కంటే ముందు భయం పట్టుకుంది. అత్తమ్మ "ఏం గాదు బిడ్డా, చిన్న కరెంటే" అంది. తెలిసినావిడ ఒకామె ఏకంగా తీయించుకోమంది. ఆ మాటకు నేను ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. మా ఆశా వర్కర్ అక్క వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ మెషిన్? ఎక్కడ పెట్టారు? లోపల వేడిగా అనిపించిందా?" నాకు మెషిన్ పేరు తెలియదు. సెంటర్‌కు వెళ్లి దాని మీదున్న పేరు ఫొటో తీసుకొచ్చాను. "అందరికీ పెట్టేదే మేడమ్" అన్నారు అక్కడ. అయినా తీశాను. నా పరిస్థితిలో ఎవరున్నా ముందు ఈ పని చేయమంటాను, ఎందుకంటే జవాబంతా మెషిన్‌ను బట్టే మారుతుంది.

నాకు పెట్టింది ఐఎఫ్‌టీ, అంటే ఇంటర్‌ఫరెన్షియల్ థెరపీ అనే కరెంటు ట్రీట్‌మెంట్. 4,000 హెర్ట్జ్ దగ్గర నడిచే రెండు కరెంట్లు ఒంట్లో ఒకదాన్నొకటి దాటేలా నాలుగు ప్యాడ్లు పెడతారు, అందుకే లోతుకు పనిచేస్తుందంటారు. టెన్స్ కూడా నొప్పికి ప్యాడ్లతో కరెంటు ఇచ్చేదే, కానీ దానికంటే చిన్న మెషిన్. ఈ రెండూ ఒంటిని వేడెక్కించేవి కావు. బిడ్డకు హాని జరిగిందని రుజువు లేదు, కానీ ఏమీ కాదని తేల్చేంత పరిశోధన కూడా లేదు. అందుకే గర్భిణికి పొట్ట, నడుము, కటి భాగంలో ఐఎఫ్‌టీ పెట్టకూడదన్నది నియమం. టెన్స్ కూడా డాక్టర్ చెప్పకుండా అక్కడ పెట్టకూడదు.

డయాథర్మీ సంగతి వేరు. 27.12 మెగాహెర్ట్జ్ తరంగాలతో లోపలి కండరాలనే వేడెక్కిస్తుంది. బిడ్డ మెదడు, వెన్ను ఏర్పడేది మొదటి వారాల్లోనే, చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. ఆ సమయంలో తల్లి ఒంటి వేడి బాగా పెరగడం మంచిది కాదు. కడుపుతో ఉన్న ఫిజియోథెరపిస్టులు కూడా ఆ మెషిన్ నడుస్తుంటే దూరంగా ఉంటారట. అల్ట్రాసౌండ్ థెరపీ అంటే మనం చేయించుకునే స్కానింగే అనుకునేవాళ్లు ఉన్నారు. స్కానింగ్ చూడటానికి, చాలా తక్కువ శక్తితో చేసేది. థెరపీ కండరానికి వేడి ఇవ్వడానికి. దాన్ని కూడా గర్భిణికి పొట్ట మీద, నడుం మీద పెట్టరు.

"తీయించుకోవడానికి ఇందులో కారణమే లేదు. ఫోలిక్ యాసిడ్ మానకు, ఐదో నెలలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్)లో వెన్ను చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆ స్కాన్ దాకా టెన్షన్ పోలేదు. రిపోర్ట్ బాగానే వచ్చింది. స్కాన్‌లో అన్నీ కనబడవని కూడా ఆమె దాచకుండా చెప్పింది. అందుకే నాకు ఆమె మీద ఇంకా నమ్మకం పెరిగింది.

ఆరో నెలలో నొప్పి మళ్లీ వచ్చింది. ప్రతి నెలా 9న జరిగే ఉచిత చెకప్‌లో చెబితే ఆసుపత్రి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. మెషిన్ ఊసే లేదు. మోకాళ్లు, అరచేతుల మీద వంగి నడుమును మెల్లగా పైకి లేపి దించడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోవడం, పొట్ట కిందుగా తుంటి ఎముకల మీద బెల్టు. క్లాసులో కుర్చీ వేయించుకున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ నిద్ర పడుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి ఇంజెక్షన్ ఇస్తానంటే వద్దన్నాను. డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాల తర్వాత బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చు. నడుం నొప్పి ఆగి ఆగి అలలుగా వస్తున్నా, రక్తం కనబడినా, నీరు పోయినా, జ్వరంతో మూత్రంలో మంట ఉన్నా, వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు.

కాన్పు నొప్పులకు టెన్స్ వాడతారట కదా అని కూడా అడిగాను. బ్రిటన్‌లో 37 వారాలు నిండాక, నొప్పులు మొదలైన కొత్తల్లో నడుముకు పెట్టుకుంటారు. నొప్పులు ఊపందుకున్నాక దాన్ని సూచించరు. మా ఆసుపత్రిలో ఆ ఏర్పాటు లేదు. కాన్పయ్యాక నడుం నొప్పి ఉంటే అప్పుడు ఐఎఫ్‌టీ సంగతి చూద్దామన్నారు, సరేనన్నాను.