రిపోర్టులో 480

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఒంట్లోని రోగనిరోధక కణాలే నరాల పొరను దెబ్బతీసే జబ్బు) అని తేలాక నాకు ఫింగోలిమోడ్ అనే మందు రాశారు. రోజుకు ఒక్క క్యాప్సూల్, 0.5 మిల్లీగ్రాములు. ఇంజెక్షన్లు తప్పాయి కదా అని సంబరపడ్డాను. కానీ వెంటనే మొదలుపెట్టలేదు. ఈ మందు వాడుతుండగా ఆటలమ్మ సోకితే ప్రమాదమట. చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసిందో లేదో అమ్మకు గుర్తులేదు. రక్త పరీక్షలో ఆ యాంటీబాడీలు లేవని వచ్చింది. టీకా పూర్తిగా వేయించుకుని, ఆపైన ఇంకో నెల ఆగాను. కాలు తిమ్మిరెక్కిన ప్రతిసారీ మళ్లీ అటాకేమోనని ఒకటే టెన్షన్.

మొదటి క్యాప్సూల్ ఆసుపత్రిలోనే మింగించారు. ఈ మందు మొదట్లో గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ఈసీజీ తీసి, ఆరు గంటలు గంటగంటకూ నాడి, బీపీ చూశారు. 76 ఉన్న నాడి 58కి దిగి, మళ్లీ మెల్లగా పెరిగాక ఇంటికి పంపారు.

రెండో నెల రిపోర్టులో లింఫోసైట్లు (ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) 480. మందుకు ముందు 1,900 ఉండేవి. మా వీధిలోని డాక్టరుగారు చూసి కంగారుపడి, "ఈ మందు ఆపెయ్యమ్మా" అన్నారు. రాత్రి క్యాప్సూల్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. "పెద్ద డాక్టర్ని అడిగాకే ఆపుదువుగానిలే" అన్నారు మా ఆయన. మింగేశాను.

మర్నాడు న్యూరాలజిస్టుగారు చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. "ఇవి చచ్చిపోలేదమ్మా, లింఫ్ గ్రంథుల్లో ఉండిపోయాయి" అన్నారు. లింఫోసైట్ గ్రంథిలోంచి రక్తంలోకి రావడానికి దాని ఒంటి మీద ఎస్1పి అనే రసాయన సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఉండాలట. మందు ఆ గ్రాహకాన్ని కణం లోపలికి లాగేస్తుంది. ఇక దానికి బయటికి దారి దొరకదు. మెదడులో నరాల మీది మైలిన్ పొరను కొరికే కణాలు రక్తంలోకే రాకపోతే మెదడు దాకా ఎలా వెళ్తాయి? అలాగని అన్నీ ఆగిపోవు. పాత ఇన్ఫెక్షన్లను గుర్తుపెట్టుకుని ఒళ్లంతా కాపలా తిరిగే టీ కణాలు (ఇవీ ఒక రకం లింఫోసైట్లే) చాలావరకు బయటే ఉంటాయి. లెక్క 200 కంటే దిగితే మందు ఆపే సంగతి ఆలోచిస్తామన్నారు.

ఆ తర్వాత చెప్పిన మాటకు నా గుండె జారింది. ఉన్నట్టుండి ఆపేస్తే ఆగిన కణాలు మళ్లీ రక్తంలోకి వచ్చేస్తాయి, కొందరిలో జబ్బు మునుపటికంటే తీవ్రంగా తిరగబెడుతుంది. ముందు రాత్రి నేను చేయబోయింది అదే! ఆ బొమ్మ మందు రాసిన రోజే గీసి చూపించాలని నేను గట్టిగా అంటాను.

ఈ మందుతో కొందరికి కంటి రెటీనాలో వాపు వస్తుందట. మూడు నెలలకు ఆ పరీక్ష కూడా అయింది, వాపు లేదు. ఇప్పుడు నా ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకున్నాను: "ఫింగోలిమోడ్ వాడుతున్నాను. లింఫోసైట్లు తక్కువే ఉంటాయి. నా న్యూరాలజిస్టును అడగకుండా మందు ఆపకండి." ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు ఆ పేజీయే చూపిస్తాను. మొన్నటి రిపోర్టులో 510 వచ్చింది.